బడిలో వేసే ముహూర్తం: ఒక ఆడిటరు అభ్యంతరం

2025 మే నెలాఖరున ఒక రాత్రి తొమ్మిదింటికి మా అమ్మాయి ఫోను చేసింది. మామూలుగా ఆ వేళకి మనవరాలి చేత "తాతయ్యా గుడ్‌నైట్" అనిపించి పెట్టేస్తుంది. ఆ రోజు గొంతు వేరుగా ఉంది. "నాన్నా, కోప్పడనంటే ఒకటి చెప్తాను" అంది. కోప్పడాల్సిన సంగతేనని అప్పుడే అర్థమైంది.

విషయం ఇది. నాలుగేళ్ళ పిల్లని జూన్ 12న బడిలో వేయాలి. ఫీజు కట్టేశారు, యూనిఫారం కుట్టించారు. ఇంతలో వాళ్ళ అత్తగారు పంచాంగం తీశారు. జూన్ రెండో వారం నుంచి గురు మూఢం. అది పోకముందే ఆషాఢం. అక్షరాభ్యాసం కాకుండా పిల్లని బడికి పంపకూడదు. మూఢంలో, ఆషాఢంలో అక్షరాభ్యాసం చేయకూడదు. కాబట్టి శ్రావణం వచ్చేదాకా, అంటే జులై 25 వరకు, పిల్ల ఇంట్లో ఉండాల్సిందే. "ఆరు వారాలే కదా నాన్నా, ఏం మునిగిపోతుంది? పిల్ల విషయం కదా, ఎందుకొచ్చిన రిస్కు" అంది.

నేను కోప్పడలేదు. వయసు వల్ల వచ్చిన శాంతం కాదది. ఇదే మాట, దాదాపు ఇవే అక్షరాలతో, 1992లో నేనే అన్నాను. ఆ ఆరు వారాల ఖరీదు ఎంతో నాకు తెలుసు. అప్పుడు ఆ ఖరీదు కట్టింది ఇప్పుడు ఫోనులో మాట్లాడుతున్న ఈ అమ్మాయే. తనకి గుర్తు లేదు.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేను బి.కాం. చదివాను. రక్షణ శాఖ అకౌంట్స్‌లో ఆడిటరుగా చేరి, ఎస్.ఎ.ఎస్. పరీక్ష మూడోసారికి గట్టెక్కి, అకౌంట్స్ ఆఫీసరుగా రిటైరయ్యాను. సికింద్రాబాద్, జబల్పూర్, పుణే, మళ్ళీ సికింద్రాబాద్. అంతే నా ఉద్యోగ యాత్ర. వేదాలు చదవలేదు, ఖగోళశాస్త్రమూ చదవలేదు. బిల్లు చేతికొస్తే ఇది ఏ పద్దు కింద పడాలి, వోచరు ఉందా, మంజూరు చేసిందెవరు అని అడగడం ఒక్కటే వచ్చు. ఇక్కడ కూడా అంతకు మించి అడగబోవడం లేదు.

1992లో మేం పుణేలో ఉన్నాం. అప్పటికే నేను కోవూర్ పుస్తకాలు చదివినవాణ్ణి. దివ్యశక్తులు నిరూపించిన వాళ్ళకి ఆయన 1963లో ప్రకటించిన లక్ష రూపాయల సవాలు గురించి క్యాంటీన్లో టీ తాగుతూ ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. ఎవరైనా జాతకం అంటే చాలు, ఎగతాళి. అలాంటి వాడికి ఊరి నుంచి మా అమ్మ ఇన్‌లాండ్ లెటరు రాసింది. శుక్ర మూఢం నడుస్తోంది, తర్వాత ఆషాఢం, జులై నెలాఖరున శ్రావణం వచ్చాక పిల్లని బడిలో వేయండి అని. ఊళ్ళో సిద్ధాంతిగారు రాసిచ్చిన ముహూర్తం చీటీ అందులో మడిచి పెట్టింది. మా ఆవిడ "ఏమండీ, ఏం చేద్దాం?" అంది. నేనేమన్నానంటే, "పోనీలే, పిల్ల విషయం కదా." క్యాంటీన్ హేతువాదం కూతురి దగ్గరికొచ్చేసరికి ఆవిరైపోయింది.

బడి జూన్ మధ్యలో తెరిచారు. మేం ఆగస్టు మొదటి వారంలో తీసుకెళ్ళాం. పిల్లకి తెలుగు తప్ప ఏమీ రాదు. టీచరు హిందీ, ఆయా మరాఠీ. మిగతా పిల్లలందరికీ ఎవరి స్థలం ఏదో తెలుసు, నీళ్ళ కుళాయి ఎక్కడుందో తెలుసు, టీచరు చెయ్యి పట్టుకుని ఊగే చనువు కూడా వచ్చేసింది. మా పిల్ల ఒక్కతే గోడకి ఆనుకుని నిలబడింది. మొదటి రోజు తడిసిన గౌనుతో ఇంటికొచ్చింది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఎవరో నవ్వారట. నాలుగో రోజు నుంచి పొద్దున్నే పాలు వద్దంది, నీళ్ళు వద్దంది. మేం అరుచి అనుకున్నాం. వారం తర్వాత మా ఆవిడకి అర్థమైంది. నీళ్ళు తాగకపోతే దొడ్డికి వెళ్ళే అవసరం రాదు, నవ్వు రాదు. నాలుగేళ్ళ పిల్ల తనకు తానుగా కనిపెట్టుకున్న ఉపాయం అది.

మా ఆవిడ వెళ్ళి టీచరుతో మాట్లాడింది. ఆ టీచరు మంచి మనిషి. "జూన్‌లో మొదటి రెండు వారాలు మేం చదువే చెప్పం. రోజూ పిల్లల్ని వరసగా తీసుకెళ్ళి కుళాయి ఎక్కడ, బాత్రూము ఎక్కడ, ఎలా అడగాలి అని చూపిస్తాం. మీరు అప్పుడే పంపి ఉంటే బాగుండేది" అందట. ఆ మాట మా ఆవిడ ఇంటికొచ్చి చెప్పినప్పుడు నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి బడి గేటు బయట నిలబడ్డాను. లోపల నుంచి మా పిల్ల ఏడుపు గుర్తుపట్టగలిగాను. గేటు బయట నేనూ ఏడ్చాను. ముప్పైమూడేళ్ళ తర్వాత రాస్తున్నా సిగ్గుగానే ఉంది, కానీ ఏడ్చినందుకు కాదు.

అందుకే తోటి హేతువాద మిత్రులతో నాకు ఒక తగాదా ఉంది. బాసరలో వసంత పంచమి నాడు చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని గంటల తరబడి క్యూలో నిలబడే తల్లిదండ్రుల ఫొటో చూపించి "గొర్రెల మంద" అని నవ్వుతారు కొందరు. నేనా క్యూ దగ్గరికి ఒకసారి వెళ్ళి చూశాను. ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్ళు, హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చినవాళ్ళు. అందరి ముఖాల్లోనూ ఉన్నది ఒకటే, భయం. నిన్నటిదాకా నా చీర కొంగు వదలని పిల్ల రేపటి నుంచి నాకు కనపడని చోట ఆరు గంటలు ఉంటుంది. ఎవరు కొడతారో, ఎవరు నవ్వుతారో, ఆకలేస్తే ఎవరితో చెబుతుందో. ఈ భయం మూఢనమ్మకం కాదు. ఇది నిఖార్సయిన భయం, పిల్లని ప్రేమించే ఎవరికైనా ఉండాల్సింది. దాన్ని చూసి నవ్వే హేతువాదికి పిల్లలు లేరన్నా అనుకోవాలి, ఉన్నా వాళ్ళని బడికి దింపే పని భార్యదై ఉండాలి.

నా అభ్యంతరం ఆ భయం మీద కాదు. దాన్ని ఏ పద్దు కింద రాస్తున్నారన్నదాని మీద. భయం నిజం, ఖర్చు నిజం. కానీ గురు గ్రహం ఖాతాలో రాస్తున్నారు. ఆడిట్‌లో దీన్ని తప్పుడు పద్దు అంటాం. తప్పుడు పద్దులో పడ్డ మొత్తానికి ఒక దుర్గుణం ఉంది. అసలు పద్దులో లోటు అలాగే ఉంటుంది, పుస్తకం మాత్రం సరిపోయినట్టు కనిపిస్తుంది.

మూఢం అంటే ఏమిటో చూద్దాం. (ఆ పేరు వాళ్ళే పెట్టుకున్నారు, నేను పెట్టలేదు.) సుమారు పదమూడు నెలలకి ఒకసారి గురుడు మనకి సూర్యుడి దిక్కులోకి వస్తాడు. ఆ వెలుగులో ఒక నెల పాటు కంటికి కనపడడు. 2025లో జూన్ 24న సూర్యుడి సూటిలోకి వచ్చాడు. అప్పుడు మనకి తొంభై కోట్ల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నాడు. ఉన్నచోటే ఉన్నాడు, వెలుగూ తగ్గలేదు, బరువూ తగ్గలేదు. మనకి కనపడలేదంతే. శుక్ర మూఢమూ ఇలాంటిదే. పంచాంగకర్తల లెక్కని నేను తప్పుపట్టను, గణితం చక్కగానే ఉంటుంది. గురుడు కనపడని రోజులు ఇవీ అని చెప్పడం దాకా శాస్త్రం. ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో నాలుగేళ్ళ పిల్ల పలక పట్టుకోకూడదని చెప్పడం ఏమిటి? ఒక వాక్యం నుంచి రెండో వాక్యానికి దారి ఏది? ఆ మధ్యలో ఉండాల్సిన వోచరు ఏ సిద్ధాంతీ ఇంతవరకు చూపించలేదు.

ఇంకో లెక్క. 2025 జూన్ 12న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బళ్ళు తెరిచారు. లక్షల మంది పిల్లలు సరిగ్గా మూఢంలోనే మొదటిసారి బడి మెట్లెక్కారు. ముస్లిముల పిల్లలు, క్రైస్తవుల పిల్లలు, ముహూర్తం అడిగే తీరిక లేని కూలీల పిల్లలు. వీళ్ళందరి చదువూ చెడాలి కదా మరి? చెడదని చెప్పేవాళ్ళకీ తెలుసు. అయినా మన పిల్ల దగ్గరికొచ్చేసరికి "ఏమో" అంటారు. ఆ "ఏమో" మీద బతుకుతోంది ఈ వ్యాపారం మొత్తం.

పుణే అన్నాను కనుక ఇంకో సంగతి. నేను అక్కడ నుంచి బదిలీ అయి వచ్చేసిన చాలా ఏళ్ళకి, 2008లో, ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ అదే ఊళ్ళో ఒక పరీక్ష పెట్టారు. నరేంద్ర దభోల్కర్ నడిపిన అంధశ్రద్ధ నిర్మూలన్ సమితి అందులో పాలుపంచుకుంది. పరీక్ష దేని గురించో చూడండి: పిల్లల చదువు గురించే. టీచర్లు బాగా చదువుతారని చెప్పిన పిల్లలవి 100 జాతకాలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి 100 జాతకాలు పోగేశారు. పేర్లు తీసేసి కలిపేశారు. జ్యోతిష్కులకి తలా 40 జాతకాలు పంపి, ఏది ఏ రకం పిల్లదో చెప్పమన్నారు. 27 మంది సమాధానాలు పంపారు. సగటున నూటికి 46 ఒప్పులు. రూపాయి బిళ్ళ ఎగరేస్తే 50 వస్తాయి. ఒక జ్యోతిష సంస్థ మొత్తం 200 తీసుకుంది, 102 ఒప్పయ్యాయి. బిళ్ళ కన్నా రెండు ఎక్కువ.

ఇది 2009లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. జాతకం మొత్తం ముందు పెట్టుకుని, వీడు బాగా చదివే పిల్లవాడా, బుద్ధి ఎదగని పిల్లవాడా అన్నదే చెప్పలేనివాళ్ళు, ఫలానా మంగళవారం పలక పట్టిస్తే చదువు రాదని మాత్రం ఎలా చెప్పగలుగుతున్నారు? దభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న అదే పుణేలో పొద్దున నడకకి వెళ్తుండగా కాల్చి చంపారు. ఆ పరీక్షకి జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

"నమ్మకం అనుకోండి, నష్టం ఏముంది?" అంటారు. చదువుకున్నవాళ్ళే ఎక్కువగా అంటారు. ఇన్సూరెన్సు లాంటిదట. నేను సర్వీసులో చాలా పాలసీలు చూశాను. పాలసీ అంటే పత్రం ఉంటుంది, షరతులు ఉంటాయి, నష్టం జరిగితే క్లెయిము ఉంటుంది. ముహూర్తం పాలసీకి ప్రీమియం ఉంది కానీ పత్రం లేదు. శుభముహూర్తంలో చేర్చిన పిల్ల పదో తరగతి తప్పితే ఎవరైనా దక్షిణ తిరిగిచ్చారా? "పిల్ల జాతకంలో దోషం" అని ఇంకో శాంతికి చీటీ రాస్తారు. ఇక నష్టం ఏముంది అంటే, మా పిల్ల పొద్దున్నే నీళ్ళు తాగడం మానేయడం నష్టం. అది ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు కాబట్టి ఎవరికీ కనపడలేదు.

చరిత్ర పుస్తకం కూడా ఒకసారి తిరగేద్దాం. ఓనమాలు అన్న మాటే "ఓం నమః" నుంచి వచ్చింది. అంత పాతది ఈ ఆచారం. మంచి తిథి, మంచి నక్షత్రం, పళ్ళెంలో బియ్యం, పసుపు కొమ్ము, అన్నీ శాస్త్రోక్తంగా వందల ఏళ్ళు జరిగాయి. వాటి చివర 1951లో మొదటిసారి స్వతంత్ర భారతదేశం జనాన్ని లెక్కపెట్టుకుంటే అక్షరాస్యులు నూటికి 18 మంది. ఆడవాళ్ళలో నూటికి 9 మంది కూడా లేరు. మా నానమ్మ ఆ మిగతా తొంభై ఒక్కరిలో ఒకతె. ఆవిడ తమ్ముళ్ళకి ముహూర్తం దొరికింది, ఆవిడకి దొరకలేదు. మూఢం వల్ల కాదు, ఆడపిల్ల కావడం వల్ల. మా వీధి చివర మాలపల్లెలో పిల్లలకైతే ఏ పంచాంగంలోనూ తిథి లేదు. 1848లో సావిత్రీబాయి ఫూలే పుణేలో ఆడపిల్లలకి బడి చెప్పడానికి వెళ్తుంటే ఆవిడ మీద పేడ, మట్టి విసిరారు. విసిరిన చేతులు అక్షరాభ్యాసం చేయించుకున్న చేతులే.

2011 జనాభా లెక్కల నాటికి ఆడవాళ్ళలో నూటికి 65 మంది చదవగలుగుతున్నారు. ఎలా వచ్చింది ఈ మార్పు? ఊళ్ళో బడి కట్టడం వల్ల, టీచర్ని వేయడం వల్ల, మధ్యాహ్నం అన్నం పెట్టడం వల్ల. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీల వల్ల కూడా కొంత. ఇవన్నీ బడ్జెట్ పద్దులు. అందులో నక్షత్రం పద్దు లేదు.

నేను కొన్నేళ్ళు ఉద్యోగుల పిల్లల చదువు భత్యం బిల్లులు పాస్ చేశాను. ఆరో వేతన సంఘం తర్వాత 2008లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఒక్కో పిల్లకి ఏడాదికి 12,000 రూపాయల దాకా తిరిగి ఇచ్చేవారు. ట్యూషన్ ఫీజు, లైబ్రరీ ఫీజు, ఒక సెట్టు పుస్తకాలు, రెండు జతల యూనిఫారం, ఒక జత బూట్లు. ఎంత చిన్న వివరం దాకా రాశారో చూడండి. దేశం నలుమూలల నుంచి సిపాయిల పిల్లల బూట్ల రశీదులు నా బల్ల మీదికి వచ్చేవి. ఒకసారి ఒక సుబేదారు అక్షరాభ్యాసం టికెట్టు కూడా జతచేశాడు. నేను అభ్యంతరం రాసి వెనక్కి పంపాను. పాపం, కొత్త తండ్రి. రాసిన మాట ఇప్పటికీ గుర్తుంది: "పద్దులో లేదు."

బాసరలో అక్షరాభ్యాసానికి మామూలు టికెట్టు ఒకటి, ప్రత్యేక టికెట్టు ఒకటి ఉన్నాయి. సరస్వతి దగ్గర కూడా స్లీపరు, ఏసీ. అదే ఊళ్ళో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. అక్కడ సీటు పదో తరగతి మార్కులని బట్టి ఇస్తారు. ఏ టికెట్టు మీద అక్షరాలు దిద్దావని ఎవరూ అడగరు.

ఇదంతా పాతకాలం వాళ్ళ చాదస్తం, కొత్త తరానికి ఇవి లేవు అనుకునేవాళ్ళకి ఒక మాట. మా అమ్మాయి చూసిన మొదటి బడిలో (పేరు రాయను) అడ్మిషన్ కౌంటరు పక్కనే ఇంకో బల్ల ఉంది. పిల్ల పది వేళ్ళ ముద్రలు తీసుకుని, మెదడు ఏ రకమో, డాక్టరవుతుందో ఇంజనీరవుతుందో కంప్యూటరు రిపోర్టు ఇస్తారట. డి.ఎం.ఐ.టి. అని దాని పేరు. వేలి గీతలు తల్లి కడుపులోనే ఏర్పడిపోతాయి, ఆ తర్వాత జన్మంతా మారవు. మారని గీతల్లో మారే బుద్ధిని చదువుతారట. ఇది హస్తసాముద్రికమే. అరచేతిలో నుంచి వేలి కొసకి జరిగింది, పంచె విప్పి టై కట్టుకుంది. ఇంకొందరు కళ్ళకి గంతలు కట్టి పిల్లల చేత చదివిస్తామని "మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్" అమ్ముతారు. ముక్కు పక్క సందులోంచి చూసి చదువుతున్నారని నరేంద్ర నాయక్ లాంటివాళ్ళు ఊరూరా చూపించారు. సందు మూసేస్తే ఆ శక్తి పోతుంది. కొనేది ఎవరు? మూఢం చూసే అత్తగారు కాదు, సాఫ్ట్‌వేర్ అల్లుళ్ళు. భయం అదే, దుకాణం వేరు.

సరే, ఫోను సంగతికి వస్తాను. 1992 కథ మా అమ్మాయికి ఆ రాత్రి మొదటిసారి చెప్పాను. గౌను సంగతి, నీళ్ళ సంగతి. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అందుకేనా నాన్నా, నేను ఇప్పటికీ బయటికెళ్తే నీళ్ళు తాగను?" అంది. అందుకో కాదో నేను చెప్పలేను. ఒక్క కేసు మీద సిద్ధాంతం కట్టకూడదని నేనే అందరికీ చెబుతుంటాను. కానీ ఆ ప్రశ్న విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

రెండు రోజులకి అల్లుడు నిర్ణయించాడు. పిల్ల జూన్ 12నే బడికి వెళ్తుంది, అక్షరాభ్యాసం శ్రావణంలో వాళ్ళ అమ్మగారి తృప్తి కోసం చేస్తారు. నాకు పూర్తిగా నచ్చలేదు. అయినా పిల్ల వాళ్ళది. మా వియ్యపురాలు ఫోను చేసి, "అన్నయ్యగారూ, మీ మాట మీద పంపుతున్నారు. పిల్లకి ఏమైనా అయితే బాధ్యత మీదే" అన్నారు. కోపంగా అన్నారు. నేను "సరే చెల్లెమ్మా, నాదే" అన్నాను.

ఫోను పెట్టేశాక ఆలోచించాను. ఆవిడ అన్నది సరైన మాట. బాధ్యత అన్నది ఎవరో ఒకరిది కావాలి. 1992లో అది ఎవరిదీ కాదు. సిద్ధాంతిగారు చీటీ రాశారు, మా అమ్మ పంపింది, నేను సరే అన్నాను. ఎవరి సంతకమూ లేదు. ముహూర్తం చేసే అసలు పని అదే: బాధ్యతని మనుషుల మీద నుంచి తీసి ఆకాశంలో పెడుతుంది. అక్కడికి ఏ ఆడిటూ వెళ్ళలేదు.

బాధ్యత నాదన్నాక చూడాల్సినవి చూడాలి కదా. మర్నాడే ఆ బడికి వెళ్ళాను. బాత్రూముకి గడియ పిల్ల చేతికి అందేంత ఎత్తులో ఉందా? నీళ్ళ డ్రమ్ము ఎప్పుడు కడుగుతారు? చిన్న క్లాసుకి ఆయా ఎవరు, సెలవు పెడితే ఎవరు చూస్తారు? కొట్టడం ఉందా? (2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ నిషేధించింది. గుర్తు చేస్తే ప్రిన్సిపాల్ గారు నా వైపు అదోలా చూశారు.) వంటగది పైకప్పు దేనిది? ఇది ఎందుకడిగానో కొందరికి తెలుసు. 2004 జులై 16న కుంభకోణంలో ఒక బడి గడ్డి కప్పు అంటుకుని 94 మంది పసిపిల్లలు కాలిపోయారు. తమిళనాట విజయదశమి నాడు పిల్లల్ని బడిలో వేసే ఆచారం బలంగా ఉంది. గడ్డికి ఆ తిథి తెలియదు.

చివరికి వ్యాను గురించి అడిగాను. డ్రైవరు లైసెన్సు కాపీ, ఎన్ని సీట్లు, ఎంతమంది పిల్లలు, వెనకాల ఆయా ఉంటుందా అని. ఆఫీసులో గుమస్తా ఫైలు వెతికి, దొరక్క, "ఇంతవరకు ఎవరూ అడగలేదు సార్" అన్నాడు. మూఢం అని చేరడం వాయిదా వేసుకున్నవాళ్ళు ఉన్నారా అని అడిగితే మాత్రం వెంటనే చెప్పాడు. ఇరవై మంది దాకా ఉన్నారట, రిజిస్టరులో విడిగా రాసుకున్నాడు.

ఆ రెండు జవాబులూ ఒకే మనిషి నోటి నుంచి ఒకే నిమిషంలో విన్నాను. నా వాదన మొత్తం అందులోనే ఉంది. 2014 జులై 24న మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే క్రాసింగులో స్కూలు బస్సుని రైలు ఢీకొట్టింది. పదిహేను మందికి పైగా పిల్లలు పోయారు. ఆ పిల్లల్ని కాపాడగలిగింది గురుడూ కాదు, శుక్రుడూ కాదు. ఒక గేటు, ఒక కాపలాదారు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని క్రాసింగులన్నీ తీసేశారు. కొన్నిచోట్ల కాపలా పెట్టారు, కొన్నిచోట్ల కింద నుంచి దారి వేశారు, కొన్ని మూసేశారు. తల్లిదండ్రుల భయానికి జవాబు అంటే అలా ఉంటుంది. ఖర్చవుతుంది, కనపడుతుంది, లెక్క చూసుకోవచ్చు.

వేడుక వద్దనడం లేదు నేను. పిల్ల మొదటిసారి బడికి వెళ్ళే రోజు వేడుక కాకపోతే ఏది వేడుక? కేరళలో ప్రభుత్వ బళ్ళు తెరిచే రోజు ప్రవేశనోత్సవం చేస్తారు. ఒకటో తరగతి పిల్లలకి బెలూన్లు, మిఠాయిలు, పెద్ద పిల్లలు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళడం. అన్ని మతాల పిల్లలకీ ఒకే రోజు, ఒకే పండగ. మన దగ్గర తెలంగాణ బడిబాటలో సామూహిక అక్షరాభ్యాసం పెట్టారు. పసిపిల్లల్ని బడికి పిలవడం మంచిదే. కానీ రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదు. సరస్వతి పటం ముందు పళ్ళెంలో బియ్యం పోసి కూర్చోబెడితే ఆ వరసలో ఉన్న సాయిబు గారి పిల్లకి ఏం నేర్పినట్టు? అయితే ఒక తమాషా ఉంది. అది జరిగేది జూన్‌లోనే. అంటే 2025లో సర్కారువారే మూఢంలో అక్షరాలు దిద్దించారు.

జూన్ 12న పిల్లని నేనూ మా అమ్మాయీ తీసుకెళ్ళాం. ఏడ్చింది. మూఢం వల్ల ఏడ్చిందని మా వియ్యపురాలు అనుకునే ఉంటారు. తొమ్మిది రోజులు ఏడ్చింది. చెప్పకుండా జారుకోవద్దని, "అన్నం తిన్నాక వస్తాను" అని చెప్పి ఆ మాట తప్పకూడదని మా అమ్మాయితో అన్నాను. ఒక్క రోజూ తప్పలేదు. పదో రోజు ఏడవలేదు. మొదటి వారంలోనే బాత్రూము చూపించారు, కుళాయి చూపించారు. పొద్దున నీళ్ళు తాగే వెళ్తోంది. ఇది మాత్రం నేను రోజూ ఫోను చేసి అడిగాను, అమ్మాయి విసుక్కున్నా సరే.

శ్రావణంలో అక్షరాభ్యాసం చేశారు. నేనూ వెళ్ళాను, పులిహోర బాగుంది. పురోహితుడు పిల్ల వేలు పట్టుకుని బియ్యంలో దిద్దించబోతే "నాకు వచ్చు" అని చెయ్యి లాక్కుంది. అప్పటికి ఏడు వారాల నుంచి బడిలో గీతలు గీస్తోంది కదా. మా వియ్యపురాలు కూడా నవ్వారు. ఇప్పుడు మాట్లాడుతున్నారు నాతో.

వ్యాను డ్రైవరు లైసెన్సు కాపీ మూడోసారి వెళ్ళాక చూపించారు. గడువు తేదీ రాసుకున్నాను. వెనకాల ఆయాని పెడతామన్నారు, ఇంకా పెట్టలేదు. సోమవారం మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి ఒక్కణ్ణే కాదు, ఇంకో నలుగురు తల్లిదండ్రులు వస్తామన్నారు. వాళ్ళలో ఇద్దరు పిల్లల్ని శ్రావణంలో చేర్చినవాళ్ళే.